ముందు అసలు కథ, ఆ తర్వాత తలకిందుల కథ

‘ష్రెక్’ సినిమా మొదలవగానే ఆ పచ్చటి రాక్షసుడు మరుగుదొడ్లో కూర్చుని ఒక రాకుమారి కథ చదువుతాడు. చదువుతూ చదువుతూ పేజీ చింపేస్తాడు, ఎందుకో చెప్పక్కర్లేదు. మీరు నవ్వుతారు. పక్కన ఐదేళ్ల పాప కూడా నవ్వుతుంది. పాప నవ్వింది మరుగుదొడ్డి చూసి. కోటలో బందీ అయిన రాకుమారి, కాపలా డ్రాగన్, ముద్దుతో తీరే శాపం ఇవేవీ ఎరగని పిల్లకు అక్కడ జరిగిన ఎగతాళి సగం కూడా అందదు.

అందుకని సినిమా పెట్టడానికి ముందు మూడు నాలుగు రాత్రులు ఆ పాత కథలు చెప్పండి. సిండరెల్లా, స్నో వైట్, రెడ్ రైడింగ్ హుడ్ చాలు. పుస్తకం లేకపోయినా మీకు గుర్తున్నంత చెప్పండి. తప్పు పోతుందేమోనని బెంగ వద్దు. ఆ కథలే ఒక్క తీరుగా లేవు. 1697లో ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో అచ్చువేసిన రెడ్ రైడింగ్ హుడ్ కథలో తోడేలు పిల్లని తినేస్తుంది, కథ అక్కడితో సరి. పొట్ట కోసి కాపాడే వేటగాడు 1812 నాటి గ్రిమ్ సోదరుల పుస్తకంలో కనిపిస్తాడు. వాళ్ల కప్ప రాజు కథలో రాకుమారి కప్పని ముద్దు పెట్టుకోదు, గోడకేసి కొడుతుంది! సినిమావాళ్లు కథల్ని పాడుచేస్తున్నారని ఇంట్లో పెద్దవాళ్లు సణిగితే ఈ మాట చెప్పి చూడండి.

విలియం స్టైగ్ 1990లో రాసిన బొమ్మల పుస్తకం ఆధారంగా తీసిన ‘ష్రెక్’ 2001లో వచ్చింది. యానిమేషన్ చిత్రాలకు ప్రత్యేకంగా పెట్టిన ఆస్కార్‌ను మొట్టమొదట అందుకుంది ఇదే. ముద్దుతో శాపం తీరాక రాకుమారి ఫియోనా అందగత్తె అవుతుందని అందరూ ఎదురుచూస్తే, ఆమె రాక్షసిగానే ఉండిపోతుంది. పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం తెల్లబోతారు. అప్పుడు మీరు నోరు విప్పకండి. అడిగితే అడుగుతారు.

మీరే అడగాల్సిన చోటు వేరే ఉంది. రూపం చూసి మనిషిని కొలవొద్దని చెప్పే ఈ సినిమా, విలన్ లార్డ్ ఫార్క్వాడ్ పొట్టితనం మీద మాత్రం మొదటి నుంచి చివరిదాకా జోకులు వేస్తుంది. నాకు ఆ సినిమా ఇష్టమే, అయినా ఇది మింగుడుపడదు. మర్నాడు టిఫిన్ తినేటప్పుడు, “వాడు దుర్మార్గుడు, సరే. మరి పొట్టిగా ఉన్నాడని ఎందుకు నవ్వారు నాన్నా?” అని అడగండి. క్లాసులో ఎవరినో ‘పొట్టోడు’ అని పిలుస్తున్న సంగతి ఆ మాటలోనే బయటపడవచ్చు. బయటపడినా వెంటనే పాఠం మొదలుపెట్టకండి, వినండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు రోజూ కొట్టుకునే ఇంట్లో ‘హుడ్‌వింక్డ్’ (2005) బాగా పనికొస్తుంది. బొమ్మలు అంత నాణ్యంగా ఉండవు, అల్లిక మాత్రం గట్టిది. రెడ్ రైడింగ్ హుడ్ అమ్మమ్మ ఇంట్లో గొడవ జరిగిందని పోలీసులొస్తారు. పిల్ల, తోడేలు, కట్టెలు కొట్టేవాడు, అమ్మమ్మ నలుగురూ జరిగింది ఎవరి వైపు నుంచి వాళ్లు చెబుతారు. తోడేలు నిజానికి విలేకరి. అమ్మమ్మ మంచుకొండల మీద సాహసాలు చేసే మనిషి. అసలు దోషి ఎవరో ఇక్కడ చెప్పను. సినిమా అయ్యాక ఇదే ఆట మన ఏడు చేపల కథతో ఆడించండి. ఎండని ఆ చేపను సాక్షిగా పిలవండి. గడ్డిమేటును, ఆవును, చివరికి చీమను కూడా. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర ఇస్తే, తప్పంతా పక్కవాళ్ల మీదికి ఎంత నేర్పుగా నెడతారో చూడాలి. తాతయ్యకు ఆవు పాత్ర ఇస్తే మరీ మంచిది.

‘పుస్ ఇన్ బూట్స్: ది లాస్ట్ విష్’ (2022) విషయంలో జాగ్రత్త. తొమ్మిది ప్రాణాల్లో ఎనిమిది పోగొట్టుకున్న పిల్లిని వెంటాడే తోడేలు మామూలు తోడేలు కాదు, సాక్షాత్తూ మృత్యువు. దాని ఈల వింటే పెద్దవాళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. పదేళ్ల పిల్లలతో భయం గురించి మాట్లాడటానికి ఇంతకన్నా మంచి సినిమా నాకు తట్టడం లేదు. ఐదేళ్లవాళ్లు మీ ఒళ్లోకి జరిగారంటే మాత్రం ఆపేయండి. “ఏం కాదు, బొమ్మే కదా” అని బలవంతంగా కూర్చోబెట్టకండి. మిగతా సగం రెండేళ్ల తర్వాత చూడొచ్చు.