సజీవ యాగం

'బలి' అనే పదానికి అర్థమడిగితే మన విద్యార్థులు కత్తి, నెత్తురు, మరణం అంటారు. క్రైస్తవుల భావన వేరు. పౌలు సుమారు క్రీ.శ. 57లో రోమీయులకు లేఖ వ్రాసేనాటికి యెరూషలేము ఆలయంలో పశుబలులు జరుగుతూనే ఉన్నాయి. ఆ ఆలయం నాశనమైంది 70లో. బలిపీఠం ఇంకా చల్లారకముందే ఆయన, తమ శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకొమ్మని విశ్వాసులను వేడుకొన్నాడు. సిలువపై క్రీస్తు చేసిన అర్పణతో పాపపరిహారం పూర్తయిందని వారి విశ్వాసం. ఇక మిగిలినది కృతజ్ఞతతో బ్రతకడమే.

భాషాధ్యాపకులము గనుక ఒక్క మాట. హీబ్రూ 'కొర్బాన్', మన 'ఖుర్బానీ' ఒకే ధాతువు నుండి పుట్టినవి. దాని అర్థం సామీప్యం. మాంసరక్తాలు కాక భయభక్తులే అల్లాహ్‌ను చేరుతాయని ఖుర్ఆన్‌లోని హజ్ సూరా కూడా బోధిస్తుంది.

బెల్జియం దేశీయుడైన ఫాదర్ డేమియన్, జబ్బుపడిన అన్నకు బదులుగా బయలుదేరి 1864లో హవాయి చేరాడు. 1873లో మొలొకాయి ద్వీపంలోని కుష్ఠురోగుల నివాసానికి వెళ్లి ఇళ్లు కట్టాడు, పుండ్లు కడిగాడు, శవపేటికలు చేశాడు, గోతులు త్రవ్వాడు. 1884లో ఒకనాడు వేడినీటిలో పెట్టిన పాదానికి స్పర్శ తెలియలేదు. లోకం ఆయన మరణాన్నే ఎక్కువగా కొనియాడింది. మేమైతే ఆ పదహారేండ్ల వడ్రంగాన్నే యాగమంటాము. వ్యాధి బయటపడిన తరువాత కూడా ఆయన ఆ పని మానలేదు. 1889 ఏప్రిల్ 15న, 49 ఏండ్ల వయస్సులో, ఆ రోగుల నడుమనే కన్నుమూశాడు.