మడత చాకు లాక్: అరుగుదల, పరీక్ష, జాగ్రత్తలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాల సంఘ సభ్యులకు మడత చాకు నిత్యావసర వస్తువు. యంత్రం కట్టిన వరిగడ్డి కట్టల పురికొస కోయడానికి, దాణా బస్తా విప్పడానికి, పలుపు బిగిసిన దూడను తప్పించడానికి అదే ఆధారం. పని మధ్యలో చాకు మూసుకొనిపోతే తెగేవి పాలు పితికే వేళ్లే. కావున లాక్ ఏ విధంగా అరుగుతుందో సభ్యులందరు తెలిసికొనవలెను.

రకాలు

1. స్ప్రింగు చాకు: స్ప్రింగు ఒత్తిడి మాత్రమే బ్లేడును నిలుపుతుంది. దీనికి లాక్ లేదు.

2. వెనుక లాక్: పిడి వెనుక కమ్మీకి ఉన్న పన్ను బ్లేడు మొదట్లోని గాడిలో పడుతుంది.

3. రేకు లాక్: పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలుకు అడ్డు నిలుస్తుంది.

4. రింగు లాక్: పిడి మొదట్లోని రింగు తిప్పితే బ్లేడు కదలదు. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారుచేసిన చాకుకు లాక్ లేదు. 1955లో మార్సెల్ ఒపినెల్ ఈ రింగును చేర్చారు.

అరుగుదలకు కారణాలు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ముఖ్యమైన మేత వరిగడ్డి. ఇందులో సిలికా, అనగా ఇసుకలోని పదార్థమే, ఎక్కువ. ఆ ధూళి, మట్టి గాడిలో చేరి ఆకురాయి వలె పన్నును అరగదీస్తాయి. పేడ, మూత్రాల తడి వలన తుప్పు పడుతుంది. చాకును విదిలించి తెరవడం, దానితో క్యాను మూత పెకలించడం, బ్లేడు వెన్నుపై కొట్టడం లాక్‌కు చేటు.

పరీక్ష

వారానికొకసారి చాకును సబ్బునీటితో, పాత బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, ఇరుసు వద్ద ఒక చుక్క కుట్టు మిషను నూనె వేయవలెను. నూనె ఎక్కువైతే ధూళి అంటుకొంటుంది. తరువాత బ్లేడు తెరచి కదిపి చూడవలెను. పక్కలకు ఊగితే ఇరుసు వదులైనది; మర ఉన్నచో బిగించవచ్చు. తెరిచే, మూసే దిశలో ఊగితే లాక్ అరిగినది. రేకు లాక్‌లో రేకు ఎదుటి అంచును తాకినచో దాని ఆయుష్షు తీరినట్లే.

పిదప, బ్లేడు మూసుకొనే దారిలో వేళ్లు లేకుండా పిడిని రెండు పక్కల పట్టుకొని, వెన్నును చెక్కపై మెల్లగా నొక్కవలెను. కొట్టరాదు. లాక్ జారితే ఆ చాకును పనికి వాడరాదు.

వాడకంలో జాగ్రత్తలు

పదును వైపు నొక్కి కోసినపుడు బ్లేడు మూసుకొనదు. మొనతో పొడిచినపుడు, ఇరుక్కున్న బ్లేడును మెలిపెట్టి లాగినపుడు, వెన్నుపై బలం పడి మూసుకొనవచ్చును. కావున పొడిచే పనికి మడత చాకు వద్దు. దూడకు పలుపు బిగిసినపుడు మెడ వద్ద కాక, మెడకు గుంజకు నడుమ బిగిసిన తాడును కోయవలెను. కోసిన పురికొసను మేతలో వదలరాదు, పశువులు మింగగలవు.

కొట్టంలో వేలు తెగితే ధనుర్వాతం భయముంది. సబ్బునీటితో కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లవలెను.

ఎంత మంచి లాకైనా అరిగే వస్తువే. లాక్ ఉన్నదను ధైర్యంతో వేళ్లను పణంగా పెట్టరాదు. అనుమానం ఉన్న చాకు కన్న పిడికి స్థిరంగా బిగించిన చిన్న కత్తి, కొడవలి మేలని సభ్యులు గమనించగలరు.