కొత్త కుర్చీ ఇంకా ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఫర్నిచర్ డిజైన్ చదువుతానంటున్నాడు. కుర్చీలు, బల్లలు ఇప్పటికే కోకొల్లలు. ఇంకా కొత్తగా చేసేదేముంది? ఆ చదువుకు భవిష్యత్తు ఉందంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఉందమ్మా. కొత్త ఆకారాలు గీయడమే డిజైన్ అయితే మీ సందేహం న్యాయమే. కానీ వస్తువు ఎలా తయారవుతుంది, ఎలా ఊళ్లు దాటుతుంది, విరిగితే ఎలా బాగవుతుంది అన్నది అసలు పని. 1859లో ఫర్నిచర్ తయారీదారు మైఖేల్ థోనెట్ తెచ్చిన 14వ నంబరు కుర్చీనే చూడండి. బీచ్ కర్రను ఆవిరి పట్టి వంచి చేసిన ఆరు ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. పాడైన ముక్కను మాత్రమే మార్చుకోవచ్చు.

ఇప్పుడు మన ఇళ్లకొస్తున్న పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్‌లకు ఆ గుణం లేదు. తడి తగిలితే ఉబ్బుతాయి. ఒకసారి వదులైన స్క్రూ మళ్లీ గట్టిగా పట్టదు. రెండిళ్లు మారేసరికి చెత్తలోకే. చూస్తుంటే బాధేస్తుంది. విప్పడానికి, బాగుచేయడానికి, చివరికి పదార్థాలను వేరుచేయడానికి వీలైన వస్తువును చవకగా ఇవ్వడం మీ అబ్బాయి తరానికి పరీక్ష. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఎకోడిజైన్ చట్టం కూడా మన్నికనూ మరమ్మతునూ అడుగుతోంది.

డిజైన్ అంటే కొత్త ఆకారమే కాదనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 1958లో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మెచ్చుకున్నది మామూలు చెంబును. ఆ నివేదిక తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎన్‌ఐడీ ఉంది. ప్రవేశ పరీక్ష రాయించండి. ఈలోగా మీ ఊళ్లో మంచి వడ్రంగి దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకోమనండి.