గొంతువాపు వ్యాధి – అయోడిన్ ఉప్పు : పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

మెడ ముందుభాగమున, కంఠమణికి కొంచెము దిగువగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారములో ఒక చిన్న గ్రంథి ఉన్నది. దీనినే థైరాయిడ్ గ్రంథి యందురు. పెద్దవారిలో దీని తూకము సుమారు 20 గ్రాములు మాత్రమే. అయినను ఇది చేయు పని మిక్కిలి పెద్దది. ఇందుండి స్రవించు థైరాక్సిన్ మున్నగు రసములు రక్తములో కలిసి దేహమంతటను వ్యాపించి, తిన్న ఆహారము ఎంత వేగముగా శక్తిగా మారవలెనో నిర్ణయించును. గుండె కొట్టుకొను వేగము, దేహపు వేడిమి, పిల్లల ఎదుగుదల, బుద్ధివికాసము వీటిపై ఆధారపడి యుండును.

ఈ రసము తయారగుటకు అయోడిన్ అను పదార్థము కావలెను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు 250 మైక్రోగ్రాములు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. డెబ్బది ఏండ్లు జీవించిన మనిషికి ఆ జీవితకాలమంతటికిని కావలసిన అయోడిన్‌ను ఒకచోట పోసినచో ఒక చెంచా నిండదు! కాని ఆ చెంచాడును ఒక్కసారిగా తిని దాచుకొనుటకు వీలులేదు. ఏ రోజునకు కావలసినది ఆ రోజు అందవలెను.

నేలలో అయోడిన్ ఉన్నప్పుడే ఆ నేలపై పండిన ధాన్యములోను, కాయగూరలలోను అది ఉండును. వేల ఏండ్లుగా కురిసిన వానలు, పొంగిన వరదలు పైమట్టితోబాటు దానిని కడిగి సముద్రములో కలిపినవి. కొండప్రాంతములలో ఈ నష్టము ఎక్కువ. అట్లని మైదానములవారు నిశ్చింతగా ఉండదగదు. దేశమున జరిగిన పరిశీలనలలో ఈ లోపము బొత్తిగా లేని రాష్ట్రము ఒక్కటియు కనబడలేదు.

అయోడిన్ చాలనప్పుడు గ్రంథి, ఉన్న కొద్దిపాటిని పట్టుకొనవలెనను ప్రయత్నములో పెరిగి ఉబ్బును. మెడ ముందు బుడిపె వలె కనబడు ఈ వాపును మన వైద్యగ్రంథములు గళగండమనినవి. పల్లెలలో కొందరు దీనిని గండమాల యనుచున్నారు. అది వేరు, ఇది వేరు. గండమాల మెడ ప్రక్కలందు బిళ్ళలు బిళ్ళలుగా కట్టు వ్యాధి. క్షయరోగమువలన కలుగుట కద్దు. గళగండము మెడ నడుమ నుండి, గుటక మ్రింగినప్పుడు పైకి జరిగి మరల దిగును. రెంటిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలసినదే. పసరు పూతలతో కాలము గడపరాదు.

మెడవాపు కంటికి కనబడునది గనుక దానినే పెద్ద కీడుగా తలంచెదము. నిజమైన కీడు కనబడదు. గర్భమందలి శిశువు మొదటి మాసములలో తన థైరాక్సిన్‌ను తాను తయారు చేసికొనజాలదు. తల్లి రక్తమునుండియే గ్రహింపవలెను. తల్లికి అయోడిన్ లోపించినచో శిశువు మెదడు సరిగా రూపొందదు. గర్భస్రావములు, మృతశిశు జననములు కలుగవచ్చును. లోపము తీవ్రమైన చోట్ల చెవిటి, మూగ, మందబుద్ధి పిల్లలు పుట్టుదురు. స్వల్పమైన చోట పిల్లవాడు చూచుటకు బాగుగనే యుండును. కాని పాఠము త్వరగా పట్టుబడదు. అట్టివానిని ఉపాధ్యాయుడు సోమరి యనును, తండ్రి మొద్దు యనును. లోపము ఉప్పుడబ్బాలో ఉన్నదని ఎవరికిని తోచదు.

ఉప్పులో అయోడిన్ కలిపినచో ఈ వ్యాధిని అరికట్టవచ్చునని మన దేశమున ప్రత్యక్షముగా నిరూపించిన పరిశోధనకు నాయకత్వము వహించినవారు ఒక తెలుగువారు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాలయ పాదమందలి కాంగ్రా లోయలో ఈ పని ప్రారంభించిరి. లోయను మూడు భాగములు చేసి, రెండు భాగములకు అయోడిన్ చేర్చిన ఉప్పును, నడిమి భాగమునకు మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. ఆరేండ్ల తరువాత చూడగా మొదటి రెండు భాగములలోని బడిపిల్లలలో గొంతువాపు బాగుగా తగ్గినది, మూడవదానిలో తగ్గలేదు. అప్పుడు ఆ భాగమునకు కూడ అయోడిన్ ఉప్పు పంపగా అక్కడను తగ్గినది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము ఏ న్యాయస్థానమునను దొరకదు. 1962లో కేంద్ర ప్రభుత్వము జాతీయ గొంతువాపు నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. వ్యాధి మెడకు మాత్రమే సంబంధించినది కాదని గుర్తించి, 1992లో దానికి అయోడిన్ లోప వ్యాధుల నివారణ కార్యక్రమమని పేరు మార్చిరి.

అయోడిన్ లేని ఉప్పును తినుటకు అమ్మరాదని విధించిన నిషేధమును 2000లో కేంద్రము ఎత్తివేసినది. ప్రజలకు ఇష్టమైన ఉప్పు తిను స్వేచ్ఛ ఉండవలెననునది నాటి వాదము. పుట్టబోవు శిశువునకు అట్టి స్వేచ్ఛ లేదుగదా! 2006 మే నెలలో నిషేధమును మరల అమలుపరచిరి. నేడు ఆహారభద్రతా నిబంధనలలో ఇది చేరియున్నది. పశువులకు, పరిశ్రమలకు వాడు ఉప్పునకు మినహాయింపు కలదు. కాని సంచిపై ఆ సంగతి స్పష్టముగా ముద్రింపవలెను. ఆ సంచులే పల్లెలలో విప్పబడి, గంపలలోనికి చేరి, వంటింటికి వచ్చుచున్నవి.

గ్రామసభలలో పెద్దలు తరచుగా వేయు ప్రశ్న ఒకటి ఉన్నది: "సముద్రములో అయోడిన్ ఉన్నదని మీరే చెప్పుచున్నారు. నౌపడా ఉప్పు, చినగంజాం ఉప్పు సముద్రపు నీటినుండి వచ్చినవే గదా! మరల మందు కలుపుట యెందులకు?" ప్రశ్న సహేతుకమైనదే. సమాధాన మేమనగా, సముద్రపు నీటిలో అయోడిన్ మిక్కిలి స్వల్పము. కయ్యలలో నీరు ఇగిరి ఉప్పు పేరుకొనునప్పుడు ఆ స్వల్పములో చాల భాగము మిగిలిన నీటితోనే పోవును. కనుక గల్లుప్పులో సహజముగా నిలుచు అయోడిన్ మన అవసరమునకు ఏ మూలకును చాలదు. సముద్రపు చేపలలో మాత్రము అయోడిన్ బాగుగా ఉండును. గల్లుప్పు మీద మమకారము ఉన్నవారు అయోడిన్ చేర్చిన గల్లుప్పునే అడిగి కొనవచ్చును. అదియు దొరకుచున్నది.

ఇల్లాండ్రు గల్లుప్పును ఒకసారి నీటితో కడిగి ఎండబెట్టుట అలవాటు. ఇట్లు చేసినచో అయోడిన్ కడుగునీటితో పోవును. ఉప్పును మూతగల డబ్బాలో, పొయ్యికి దూరముగా, తడి తగులకుండ ఉంచవలెను. కూర దింపబోవునప్పుడు వేయుట మేలు. మరియొక హెచ్చరిక: అయోడిన్ కొరకని ఉప్పు ఎక్కువ తినరాదు. దినమునకు 5 గ్రాములు మించకుండుట మంచిది. రక్తపుపోటు ఉన్నవారు వైద్యుడు చెప్పినంత తగ్గింపవలెను. కాని తిను కొద్దిపాటి యైనను అయోడిన్ గలదిగా ఉండవలెను.

అయోడిన్ సరిగా అందినను థైరాయిడ్ వ్యాధులు కొందరికి కలుగును. దేహమందలి రక్షణశక్తి పొరబడి స్వంత గ్రంథినే దెబ్బతీయుట ఇందులకు ముఖ్యకారణము. పురుషులకంటె స్త్రీలలో ఇది చాల ఎక్కువ. రసము తగ్గినప్పుడు అలసట, చలికి ఓర్వలేకుండుట, ఒళ్ళు బరువెక్కుట, మలబద్ధము, జుట్టు రాలుట, ముఖము ఉబ్బుట, ఋతుస్రావము ఎక్కువగుట, సంతానము ఆలస్యమగుట కనబడును. రసము హెచ్చినప్పుడు ఆకలి బాగుగా ఉండియు చిక్కిపోవుట, గుండెదడ, చేతుల వణకు, చెమట, కొందరికి కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చుట కలుగును. బద్ధకస్తురాలని అత్తింట మాటపడిన కోడలు, గొడ్రాలని దూరముగా ఉంచబడిన ఇల్లాలు, వీరిలో కొందరికి కావలసినది టి.ఎస్.హెచ్. అను ఒక్క రక్తపరీక్ష. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున అడిగినచో పరీక్ష ఎచ్చట జరుగునో చెప్పుదురు.

రసము తగ్గినవారికి ఇచ్చు థైరాక్సిన్ మాత్ర చవుకైనది. ఉదయమున పరగడుపున నీటితో వేసికొని, కాఫీ, టీ, ఫలహారము అరగంట మొదలు గంట వరకు ఆపవలెను. గర్భిణులు ఇక్కడ జాగ్రత్త వహింపవలెను. ఆరోగ్యకేంద్రమున ఇచ్చు ఇనుము, కాల్షియం మాత్రలను దీనితో కలిపి మ్రింగినచో థైరాక్సిన్ ఒంటబట్టదు. నాలుగు గంటల ఎడము ఉండవలెను. గర్భము నిలిచినదని తెలియగానే మాత్ర మానుట పెద్ద ప్రమాదము. పలువురికి మోతాదు పెంచవలసి యుండును. నలత తగ్గినదని స్వయముగా మానుటయు తగదు. రసము హెచ్చినవారు వాడు కార్బిమజోల్ మాత్రల వలన ఎప్పుడైన జ్వరముతో గొంతునొప్పి వచ్చినచో, మాత్ర ఆపి వెంటనే వైద్యుని చూడవలెను.

సుమారు వెయ్యిమంది శిశువులలో ఒకరికి పుట్టుకతోనే ఈ గ్రంథి సరిగా పనిచేయదు. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనబడును. రెండు దినములు నిండిన తరువాత మడమనుండి తీసిన రక్తపుచుక్కలతో దీనిని కనిపెట్టవచ్చును. రెండు వారములలోగా మందు మొదలుపెట్టినచో బిడ్డ అందరు పిల్లలవలెనే ఎదుగును. ఆలస్యమైనచో పోయిన బుద్ధిని ఏ మందును తిరిగి తేజాలదు. ప్రసవమైన ఆసుపత్రిలో ఈ పరీక్ష జరిగినదో లేదో ఆశా కార్యకర్త ద్వారా విచారించుట గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు తగిన పని.

ఉప్పు విషయమున పంచాయతీ చేయదగిన పని యింకను సులభము. ఉప్పును పరీక్షించు చిన్న సీసా యొకటి వచ్చుచున్నది. చిటికెడు ఉప్పుపై అందలి మందు చుక్క వేసినచో, అయోడిన్ ఉన్న ఉప్పు నీలి లేక ఊదా రంగునకు మారును. లేనిచో తెల్లగనే ఉండును. అయోడిన్ ఉన్నదీ లేనిదీ తెలియునుగాని ఎంత ఉన్నదో దీనితో నికరముగా తేలదు. కొనువారికి చేరునప్పటికి కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములకు తగ్గరాదనునది నియమము; ఆ లెక్క ప్రయోగశాలలోనే తేలవలెను. మొదట అంగన్‌వాడీ, బడి వంటశాలల ఉప్పును చూడుడు. పిమ్మట దుకాణములు. రంగు మారనిచో వర్తకునితో తగవు పెట్టుకొనక, సరుకు ఎవరియొద్ద కొన్నదియు వ్రాసికొని, జిల్లా ఆహారభద్రతా అధికారికి తెలుపుడు. తప్పు తరచుగా చిల్లర వర్తకునిది కాదు, అతనికి పశువుల ఉప్పును తినెడి ఉప్పుగా అంటగట్టిన టోకు వర్తకునిది. గ్రామసభ రోజున ఇంటికొక చెంచాడు ఉప్పు తెమ్మని చాటింపు వేయించి, అందరి యెదుట చుక్క వేసి చూపుడు. ఎవరి పొట్లము తెల్లగా నిలిచినదో వారే మరునాడు దుకాణదారుని అడుగుదురు.