గంజాయి చట్టం మారితే ఐదో శీలం మారుతుందా?



"గంజాయిని ఐక్యరాజ్యసమితే ప్రమాదకరమైన జాబితా నుంచి తీసేసింది కదా, ఇంకా ఐదో శీలం అంటారేమిటి?" అని మన పిల్లలు అడగవచ్చు. కోప్పడి నోరు మూయించవద్దు. అసలు ఏం జరిగిందో ముందు మనం తెలుసుకుందాం.

1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒడంబడికలో నాలుగు జాబితాలు ఉన్నాయి. గంజాయి మొదటి జాబితాలోనూ ఉండేది, హెరాయిన్‌తో పాటు అతి కఠినమైన నాలుగో జాబితాలోనూ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుపై 2020 డిసెంబరు 2న వియన్నాలో ఓటింగ్ జరిగింది. 27 దేశాలు సరే అన్నాయి, 25 వద్దన్నాయి, ఒకటి తటస్థంగా ఉంది. మన దేశం సరే అన్న వైపే ఓటు వేసింది. అలా గంజాయి నాలుగో జాబితా నుంచి పోయింది. మొదటి జాబితాలో మాత్రం అలాగే ఉంది. అంటే మందుగా పనికిరావచ్చని ఒప్పుకున్నారే గానీ, మత్తుకు వాడుకోమని ఎవరూ చెప్పలేదు. మన 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి దగ్గర ఉంచుకోవడం ఇప్పటికీ నేరమే.

బౌద్ధ దేశమైన థాయిలాండ్‌ను చూడండి. 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేశారు. వేలాది దుకాణాలు వెలిశాయి. 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేశారు. ఈ మూడేళ్లలో మొక్క మారలేదు, మనిషి మనసు మీద దాని ప్రభావమూ మారలేదు. మారింది చట్టమే.

మరి ఐదో శీలం ఏం అడుగుతుంది? పాళీలో "పమాదం" అంటే మనం రోజూ అనుకునే ప్రమాదం కాదు, ఏమరుపాటు. ఏమరుపాటుకు చోటిచ్చే మత్తుకు దూరంగా ఉంటానని మనం శీలం తీసుకుంటాం. అందులో చట్టం ఊసే లేదు. బ్రాందీ షాపుకు లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే. అంతమాత్రాన ఉపాసకుడు తాగవచ్చని మనం ఎప్పుడైనా అనుకున్నామా? గంజాయికీ అదే లెక్క.

అయితే మందు వేరు, మత్తు వేరు. వినయ పిటకంలో పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాతం చేస్తే, నూనెలో కొద్దిగా మద్యం కలిపి కాచడానికి బుద్ధుడు అనుమతించాడు. మద్యం రంగు, వాసన, రుచి తెలియకూడదన్నాడు. అదే సందర్భంలో "భంగోదకం" కూడా వస్తుంది. అది గంజాయి ఆకుల నీళ్లని కొందరు అనువాదకులంటారు, రకరకాల ఆకులు మరిగించిన నీళ్లని పాత వ్యాఖ్యానం అంటుంది. ఏదైనా అది ఒంటి మీద పోసి చెమట పట్టించే వైద్యమే. ఈ రోజుల్లోనూ గంజాయి మొక్క నుంచి తీసిన కెనబిడయోల్ మందును కొన్ని తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు డాక్టర్లు ఇస్తున్నారు. అలాంటి బిడ్డకు మందు వేసే తల్లి శీలం తప్పినట్టు కాదు.

ఇంకో మాట. శీలం పేరు చెప్పి మనుషులను ద్వేషించకూడదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో కూలి డబ్బుల కోసం మూట మోసిన పేదవాడి దగ్గర వాణిజ్య పరిమాణం, అంటే 20 కిలోలకు పైన దొరికితే, నేరం రుజువైతే కనీసం పదేళ్ల కఠిన శిక్ష. మత్తు వ్యాపారం ఉపాసకుడికి తగదని బుద్ధుడు చెప్పాడు నిజమే. ఆ వ్యాపారం వదలాలంటే చేతికి వేరే పని కూడా ఉండాలి కదా! ఇక అలవాటు పడినవాడు తక్కువ పరిమాణంతో పట్టుబడి, తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే వీలు మన చట్టంలోని 64ఎ సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి ఆ ఇళ్లవాళ్లకు చెప్పండి.

ఎంత శిక్ష వేయాలి, ఎవరికి మందుగా ఇవ్వాలి అనేది చట్టం తేల్చాలి. ఇది తీసుకుంటే నా ఎరుక నిలుస్తుందా, పోతుందా అనేది ఎవరికి వారే తేల్చుకోవాలి.

వారం పాఠానికి ప్రశ్నలు:
1. చట్టం ఒప్పుకున్నా నా ఎరుకను పోగొట్టేవి నా జీవితంలో ఏమున్నాయి?
2. మా వీధిలో మత్తుకు బానిసైనవాడిని నేను ఏమని పిలుస్తున్నాను? అతని ఇంటికి ఒక్కసారైనా వెళ్లానా?