బిడ్డ చోటు బడియే

కోరంగి, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి ఓడలెక్కి మారిషస్ ద్వీపమునకు వచ్చిన తెలుగు కూలీలను ఇచ్చటివారు చిరకాలము "కోరంగీలు" అని పిలిచిరి. చెరకు తోటలలో తేలిక పనులు చేయు స్త్రీల, పిల్లల జట్టునకు "పెతీత్ బాంద్" అని పేరు. కలుపు తీయుట, ఆవులకు గడ్డి కోసి తెచ్చుట, తల్లి పనికి పోయినప్పుడు చంటిబిడ్డను చూచుకొనుట: ఇవి ఆనాటి బాల్యమునకు నిత్యకృత్యములు.

ఆ తల్లిదండ్రులకు బిడ్డలయెడ ప్రేమ లేకపోయెననుట తప్పు. చదువునకు రుసుము కట్టవలెను. పిల్లవాడు తెచ్చు నాలుగు డబ్బులు పోవును. ఈ రెండు నష్టములను ఒక్కసారి మోయలేక వారు బిడ్డను పొలమునకు పంపిరి. ఈ భారమును ఎవరు దించవలెననునదే ఈ పాఠమునకు మూలప్రశ్న.

మారిషస్‌లో ఆ భారమును చాలవరకు ప్రభుత్వము దించినది. 1977లో మాధ్యమిక విద్యకు రుసుము తీసివేయబడెను. అంతకు పూర్వము పేద ఇంట కొడుకు చదువుకొరకు కూతురు ఆగిపోవుట సాధారణము. రుసుము పోయిన పిమ్మట ఆడపిల్లలకును త్రోవ తెరచుకొనెను. 2005లో 16 ఏండ్ల వరకు చదువు తప్పనిసరి యయ్యెను. ఆ సంవత్సరముననే విద్యార్థులకు బస్సు ప్రయాణము ఉచితమయ్యెను.

పూర్వుల దేశమైన తెలుగునాట, ప్రభుత్వపు బడి యుండియు పిల్లలు దానికి చేరని పల్లెలలో, ఇదే ప్రశ్నకు వేరొక సమాధానము లభించినది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఒక సంస్థ ఏర్పడెను. ఆయన మనుమరాలు, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు శాంతా సిన్హాగారి నాయకత్వమున ఆ సంస్థ నేడు తెలంగాణలో నున్న రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల విషయమై 1991లో పని ప్రారంభించినది. అచ్చట అప్పు తీర్చుటకై ఆసామి ఇంట "జీతము"నకు కుదిరి పశువులు కాయు బాలురు ఎందరో యుండిరి. ఈ కృషికి 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

ఆ సంస్థ మొదట ఒక నిర్వచనమును స్థిరపరచుకొనెను: బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే. కూలి పుచ్చుకొనువాడు మాత్రమే కార్మికుడనుకొన్నచో, ఇంట నీళ్లు మోయు బాలిక, చెల్లెలిని ఎత్తుకొను బాలిక లెక్కలోనికి రారు. ఈ నిర్వచనముతో వారును లెక్కకు వచ్చిరి.

పిమ్మట పని ఈ క్రమమున సాగెను. కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి బడికి రాని పిల్లల పేర్లు వ్రాసికొనిరి. తల్లిదండ్రులతోను, పిల్లలను పనిలో పెట్టుకొన్న ఆసాములతోను ఓర్పుగా మాటలాడిరి. పదేండ్లు దాటిన బాలుడు ఆరేండ్ల పిల్లలతో ఒకటవ తరగతిలో కూర్చుండుటకు సిగ్గుపడును. అట్టివారిని కొన్ని నెలలు శిబిరములలో నుంచి, చదువు నేర్పి, వయస్సునకు తగిన తరగతిలో ప్రభుత్వ పాఠశాలయందు చేర్చిరి. చేరిన పిమ్మటను విడువక, బిడ్డ మానివేసినచో మరల ఇంటికి పోయి అడిగిరి. ఉపాధ్యాయులు సైతము బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనిలో నిలిచిరి.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. బిడ్డ సంపాదన పోయినందుకు పరిహారముగా తల్లిదండ్రులకు సొమ్మిచ్చు పద్ధతిని ఆ సంస్థ అవలంబింపలేదు. బడిలో చేర్చుకొనుటకు కావలసిన కాగితములు, వసతిగృహములో చోటు, అధికారితో మాటసాయము: ఇవి ఇచ్చినది. చదువురాని తండ్రికి కార్యాలయపు గడప దాటుటయే పెద్ద భారము. ఆ గడప వద్ద తోడు నిలుచుట కూడ కుటుంబమునకు ఆసరాయే.

అయినను ఆకలి మాటలతో తీరదు. ఆ బాధ్యత ప్రభుత్వముది. బడిలో పిల్లలకు వండిన భోజనము పెట్టవలెనని భారత సుప్రీంకోర్టు 2001లో ఆదేశించినది. 6 నుండి 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్య హక్కుగా 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. 2016 సవరణతో 14 ఏండ్లలోపు వారిని పనిలో పెట్టుకొనుట నిషిద్ధమైనది. అయితే బడి వేళలు ముగిసిన పిదప సొంత కుటుంబపు పనిలో తోడ్పడుటకు ఆ చట్టము వీలు విడిచినది. ఆ సందున బిడ్డ మరల జారిపోకుండ చూచుట ఊరివారి వంతు.

"పేదరికము పోయిన తరువాత పిల్లలు చదువుకొందురు" అనువారు కలరు. ఇది గుఱ్ఱమునకు ముందు బండిని కట్టుట వంటిది. పిల్లవాడు తక్కువ కూలికి దొరకినంతకాలము వాని తండ్రికి పనియు, తగిన కూలియు దొరకుట కష్టము. చదువులేని బిడ్డ పెరిగి చదువులేని తండ్రి యగును. అప్పుతోపాటు పనియు వారసత్వమై పోవును. మారిషస్ తోటలలో తరతరములు జరిగినదియు ఇదియే.

2024 నాటికి ప్రపంచమున 13 కోట్ల 80 లక్షలమంది పిల్లలు బాలకార్మికులుగా నున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ అంచనా. అందు 5 కోట్ల 40 లక్షలమంది చేయునది అపాయకరమైన పని. 2020 అంచనా 16 కోట్లు. సంఖ్య తగ్గినది గాని, పని ముగియలేదు.

పండుగనాడు గుడికి రాని బిడ్డను గూర్చి "ఏల రాలేదు?" అని అడుగు పెద్దలు ప్రతి ఊరను గలరు. బడికి రాని బిడ్డ ఇంటికి పోయి, అదే ప్రశ్నను కోపము లేక అడిగి, ఉత్తరము వినువరకు నిలుచువారు కూడ ప్రతి ఊరను ఉండవలెను.

ఆలోచించుటకు:
1. ఇంటిపని చేయు బాలికను బాలకార్మికురాలుగా లెక్కించుట ఏల అవసరము?
2. చట్టము చేయలేనిది, ఇల్లిల్లు తిరుగు కార్యకర్త చేయగలిగినది ఏమి?
3. తాత, అమ్మమ్మ, నాయనమ్మలు ఏ వయస్సున బడి మానిరి? కారణమేమి? ఇంటి పెద్దలను అడిగి వ్రాయుడు.