అద్దెకిచ్చే ఫ్లాటు కొనే ముందు

మేనకోడలికి,

నల్లగండ్లలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూశావనీ, 80 లక్షలు చెబుతున్నారనీ, అద్దెతోనే ఈఎంఐ గడిచిపోతుందని బిల్డర్ మనిషి అన్నాడనీ రాశావు. అద్దె ఎంతొస్తుందో అతన్ని అడక్కు. అమ్మేవాడి నోట అద్దె ఎప్పుడూ నాలుగు వేలు ఎక్కువే పలుకుతుంది. ఓ ఆదివారం ఇల్లు వెతుక్కునేదానిలా ఆ వీధులు తిరుగు. టు-లెట్ బోర్డుల మీది నంబర్లకు ఫోన్ చెయ్యి. వాచ్‌మన్‌తో కాసేపు మాట్లాడు. ఏ ఫ్లాటు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో, ఎవరు ఎంతకు దిగొచ్చి ఇచ్చారో అతనికి తెలిసినంతగా అసోసియేషన్ సెక్రటరీకి కూడా తెలీదు.

నెలకు 22 వేలు వస్తుందనుకుందాం. ఏడాదికి 2,64,000. ఒక కిరాయిదారు వెళ్ళి మరొకరు వచ్చేలోపు నెల ఖాళీ పోతుంది. ఆస్తిపన్ను, ప్లంబింగ్, రంగులు కలిపి ఓ 32 వేలు తీసెయ్యి. చేతిలో మిగిలేది 2,10,000. ఇక నీకయ్యే ఖర్చు 80 లక్షలతో ఆగదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. కప్‌బోర్డులు, గీజర్లు, ఫ్యాన్లకు ఇంకో 4 లక్షలు వేసుకో. 90 లక్షల మీద నీకు గిట్టేది 2.3 శాతం. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ దీనికి రెట్టింపు దాటి ఇస్తుంది, అర్ధరాత్రి కుళాయి కారుతోందని ఫోన్ కూడా చెయ్యదు.

లోన్ సంగతి చూడు. 60 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అయితే ఈఎంఐ దాదాపు 52 వేలు. అద్దె మిగులు నెలకు 17,500. తక్కిన 34,500 నీ జీతంలోంచే పోవాలి. ఉద్యోగం మారినా, ఆర్నెల్లు ఉద్యోగం లేకున్నా పోవాల్సిందే. ఆ ఆర్నెల్ల సొమ్ము విడిగా దాచుకోకుండా సంతకం పెట్టకు.

పన్ను కలిసొస్తుందని నీ ఆఫీసులో అంటున్నారట. అద్దెలో ఆస్తిపన్ను పోను మిగిలినదానికి 30 శాతం మినహాయింపు ఉంది, వడ్డీ కూడా తీసేయొచ్చు. కానీ కొత్త పన్ను విధానంలో, అలా తీసేశాక ఇంటిమీద తేలే నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడం కుదరదు. పాత విధానంలోనైనా ఏడాదికి 2 లక్షల వరకే. నువ్వు ఏ విధానంలో ఉన్నావో ముందు చూసుకో.

"ధర పెరుగుతుంది కదా మామయ్యా" అంటావు. పెరగొచ్చు. అయితే అది అద్దె కోసం కొనడం కాదు, ధర మీద పందెం. పందెమే అనుకుంటే అపార్ట్‌మెంట్లో నీ పేరున రాసే అవిభాజ్య స్థలం ఎన్ని గజాలో అడుగు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, పెరిగేది నేల. నన్నడిగితే స్విమ్మింగ్‌పూల్ ఉన్న కొత్త టవర్ కంటే, మియాపూర్ మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో, లిఫ్టు బాగా పనిచేసే పదేళ్ళ నాటి ఫ్లాటు మేలు. ధర తక్కువ, స్థలం వాటా సాధారణంగా ఎక్కువ, అద్దెకు మనుషులు దొరుకుతారు. క్లబ్‌హౌస్ ఉందని ఎవరూ అంత ఎక్కువ అద్దె ఇవ్వరు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే: ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్). ఇంకా కడుతున్నదైతే రెరా నంబరు చూడు, 5 శాతం జీఎస్టీ కలుపుకో. ఓసీ వచ్చినదానికి జీఎస్టీ ఉండదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది కొనేదానివి నువ్వే.

వచ్చే ఆదివారం తిరిగొచ్చాక ఆ వీధి అద్దెలు రాసి పంపు. అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వకు.

మీ మామయ్య